పలమనేరులాంటి ఊళ్ళో అర్హత ఉన్న ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని వెతుక్కోవడం ఎలా

అన్నా, మీరు రాసింది మొత్తం చదివాను. బాబుకి నాలుగున్నరేళ్ళు, నెలలు నిండకుండా పుట్టాడు, కుడి చెయ్యి పిడికిలి బిగించి ఒంటికి దగ్గరగా పెట్టుకుంటాడు, కుడి మడమ నేలకి ఆనదు. తిరుపతిలో డాక్టరుగారు సెరెబ్రల్ పాల్సీ (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కదలికలు సరిగా రాకపోవడం), కుడివైపు హెమిప్లీజియా (ఒంటికి ఒకవైపు చెయ్యి, కాలు బిగుసుకుని బలహీనంగా ఉండటం) అని చెప్పి ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు పిల్లాడే చేసుకునేలా నేర్పే చికిత్స, పొట్టిగా ఓటీ) రెండూ చేయించమని చీటీ రాసిచ్చారు. మీది పలమనేరు దగ్గర పల్లె. టౌన్లో ఫిజియో ఆయన "ఓటీ కూడా మేమే చేస్తాం" అన్నారు, కొత్తగా తెరిచిన సెంటర్ వాళ్ళేమో మూడు నెలల డబ్బు ముందే కట్టమంటున్నారు. వీళ్ళకి లైసెన్స్ ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి, ఉన్నవాళ్ళు మనకి దగ్గర్లో ఎక్కడ దొరుకుతారు అని అడిగారు.

నేను ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌నే. చదువు తమిళనాడులో, పని ఎక్కువగా మన సీమ జిల్లాల పిల్లలతోనే. ముందే ఒక మాట చెప్పేస్తాను, మిగతాదంతా దాని చుట్టూనే ఉంటుంది. పలమనేరులో వారానికి మూడు రోజులు దొరికే ఓటీ కోసం వెతుకుతూ నెలలు పోగొట్టుకోకండి. సరైన డిగ్రీ ఉన్న ఓటీ ఒకరిని, ఊరికి దూరమైనా సరే, పట్టుకుని బాబుని పూర్తిగా చూపించి, ఇంట్లో ఏం చెయ్యాలో ఆ మనిషి దగ్గర నేర్చుకుని వచ్చి, రెండు మూడు నెలలకోసారి మళ్ళీ చూపించుకుంటూ ఉండండి. హెమిప్లీజియా ఉన్న పిల్లల విషయంలో ఇదేదో గతిలేక చేసే సర్దుబాటు కాదు. లక్ష్యం పెట్టుకుని ఇంట్లో రోజూ చేయించే పని బాగా ఫలితమిస్తుందని పరిశోధనలు గట్టిగానే చెబుతున్నాయి. వారానికి మూడుసార్లు ముప్పావు గంట ఎవరో చెయ్యి అటూ ఇటూ సాగదీసి పంపించడం కంటే ఇది చాలా మేలు.

ఇక లైసెన్స్ సంగతి. డ్రైవింగ్ లైసెన్స్‌లాగా ఒక కార్డు చూపిస్తే సరిపోయే పరిస్థితి మన దగ్గర ఇన్నాళ్ళూ లేదు, అందుకే ఇంత గందరగోళం. డాక్టర్లకి మెడికల్ కౌన్సిల్ ఉంది, నర్సులకి నర్సింగ్ కౌన్సిల్ ఉంది. ఓటీలకి, ఫిజియోలకి దేశం మొత్తానికీ వర్తించే చట్టం 2021లో గానీ రాలేదు. దాని పేరు నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ యాక్ట్. అంతకుముందు ఢిల్లీ 1997లో, మహారాష్ట్ర 2002లో సొంత చట్టాలు చేసుకుని తమ కౌన్సిళ్ళలో ఓటీలని, ఫిజియోలని నమోదు చేస్తూ వచ్చాయి. 2021 చట్టంలో ఆక్యుపేషనల్ థెరపీని ఫిజియోథెరపీతో కలపకుండా ప్రత్యేక విభాగంగా పెట్టారు, ఇది గుర్తుంచుకోండి, ఎందుకంటే "రెండూ ఒకటేనండీ" అని చెప్పేవాళ్ళు మీకు చాలామంది తగులుతారు. ఈ చట్టం ప్రకారం జాతీయ స్థాయిలో ఒక కమిషన్, ప్రతి రాష్ట్రానికీ ఒక కౌన్సిల్, ఆ కౌన్సిల్లో రిజిస్టర్ ఉండాలి. కాబట్టి మీరు కలిసే థెరపిస్ట్‌ని "రాష్ట్ర కౌన్సిల్లో నమోదు చేసుకున్నారా, దరఖాస్తు పెట్టారా" అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. నన్ను ఎవరైనా అలా అడిగితే నాకు సంతోషమే, ఆ ఇంటివాళ్ళు పిల్లాడి విషయంలో జాగ్రత్తగా ఉన్నారని తెలుస్తుంది.

అయితే రిజిస్ట్రేషన్ కంటే ముందు డిగ్రీ చూడాలి. ఓటీ అంటే బీఓటీ, బ్యాచిలర్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ. ఇన్నాళ్ళూ చదివినవాళ్ళలో ఎక్కువమందికి అది నాలుగున్నరేళ్ళ కోర్సు, అందులో ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. పైన ఎంఓటీ ఉంటుంది. బీపీటీ, ఎంపీటీ అని ఉంటే ఫిజియో. బోర్డు మీద పేరు ముందు "డా." అని చూసి ఆగిపోకండి, పేరు వెనకాల అక్షరాలు చూడండి. ఏ కాలేజీ, ఏ యూనివర్సిటీ అని కూడా అడగండి. మన రెండు రాష్ట్రాల్లో ఫిజియోథెరపీ కాలేజీలు బోలెడు, ఓటీ చదువు మాత్రం చాలా అరుదు, అందుకే మనవాళ్ళలో ఓటీలు ఎక్కువమంది బయట చదివి వచ్చినవాళ్ళే: వెల్లూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ), మణిపాల్, కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో ఉన్న స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ, కోల్‌కతాలోని జాతీయ సంస్థ, ముంబై కేఈఎం ఇలాంటి చోట్ల. ముంబై కేఈఎం ఆసుపత్రిలోనే 1950లో దేశంలో మొట్టమొదటి ఓటీ స్కూల్ మొదలైంది, కమలా నింబ్కర్ అనే ఆవిడ మొదలుపెట్టారు. రెండేళ్ళకి, 1952లో, ఆలిండియా ఆక్యుపేషనల్ థెరపిస్ట్స్ అసోసియేషన్ ఏర్పడింది. దాన్ని అందరూ ఏఐఓటీఏ అంటారు. అందులో సభ్యత్వం ప్రభుత్వ లైసెన్స్ కిందికి రాదు, కానీ ఆ నంబరు ఉందంటే ఆ మనిషి నిజంగా ఓటీ చదివిన మనిషేనని చాలావరకు ధైర్యంగా అనుకోవచ్చు. నంబరు అడిగి అసోసియేషన్‌కి మెయిల్ పెట్టి నిర్ధారించుకోవడంలో తప్పేమీ లేదు.

ఇక్కడే ఎక్కువమంది తల్లిదండ్రులు మోసపోయే చోటు ఒకటుంది, కొంచెం ఓపిగ్గా చదవండి. సెంటర్ వాళ్ళు గోడ మీద ఆర్‌సీఐ సర్టిఫికెట్ ఫ్రేము కట్టి పెడతారు. ఆర్‌సీఐ అంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, 1992 చట్టంతో వచ్చింది, నికార్సయిన ప్రభుత్వ సంస్థ, అందులో సందేహం లేదు. కానీ ఆర్‌సీఐ నమోదు చేసేది స్పెషల్ ఎడ్యుకేటర్లని, స్పీచ్ థెరపిస్టులని, క్లినికల్ సైకాలజిస్టులని, కాలిపర్లు, కృత్రిమ అవయవాలు చేసే ప్రాస్థెటిస్టులని, ఇంకా కొన్ని రకాల పునరావాస సిబ్బందిని. ఓటీలనీ ఫిజియోలనీ ఆర్‌సీఐ నమోదు చెయ్యదు. అంటే ఎవరైనా "నేను ఓటీని, ఇదిగో నా ఆర్‌సీఐ నంబరు" అంటే, ఆ నంబరు నిజమైనదే కావచ్చు, కానీ అది వేరే చదువుకి వచ్చిన నంబరు. స్పెషల్ ఎడ్యుకేషన్ డిప్లొమా అయ్యుండొచ్చు, రీహాబిలిటేషన్ థెరపీ డిప్లొమా అయ్యుండొచ్చు. ఆర్‌సీఐ వెబ్‌సైట్లో ఆ నంబరు కొట్టి చూస్తే ఏ కోర్సుకి ఇచ్చారో కనిపిస్తుంది. వాళ్ళ పని వాళ్ళు చేస్తే గౌరవమే, మంచి స్పెషల్ ఎడ్యుకేటర్ దొరకడం పిల్లాడి అదృష్టం. కానీ చేతి పనితనాన్ని అంచనా వేసి, ఏ కండరం ఎందుకు బిగుస్తోందో చూసి, స్ప్లింట్ (చెయ్యి, కాలు సరైన తీరులో ఉండేలా తొడిగే పట్టీ) ఎలాంటిది కావాలో నిర్ణయించడం వాళ్ళ చదువులో లేదు. ఇంకొందరు వారాంతపు ఆన్‌లైన్ కోర్సు చేసి "సెన్సరీ ఇంటిగ్రేషన్ సర్టిఫైడ్" అని వేసుకుంటారు. అలాంటి కోర్సు ఓటీ డిగ్రీ మీద అదనంగా చేస్తే విలువ ఉంటుంది, డిగ్రీ లేకుండా ఉత్త సర్టిఫికెట్ అయితే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

చదువు ఉన్నా మీ బాబులాంటి పిల్లలతో పని చేసిన అనుభవం ఉందా లేదా అనేది ఇంకో ప్రశ్న. దీనికి ఒక తేలికైన పరీక్ష ఉంది. సెరెబ్రల్ పాల్సీ పిల్లల చేతుల పనితనాన్ని ఒకటి నుంచి ఐదు స్థాయిలుగా చెప్పే పద్ధతి ఉంది, మాన్యువల్ ఎబిలిటీ క్లాసిఫికేషన్ సిస్టమ్ అంటారు, వాడుకలో మాక్స్. నాలుగేళ్ళ నుంచి పద్ధెనిమిదేళ్ళ దాకా వాడతారు, అంతకంటే చిన్నవాళ్ళకి మినీ మాక్స్ ఉంది. అలాగే నడక, కూర్చోవడం లాంటివాటికి జీఎంఎఫ్‌సీఎస్ అని ఇంకో ఐదు స్థాయిలు. బాబుని చూశాక "మాక్స్ లెవెల్ ఎంత మేడమ్" అని అడగండి. సెరెబ్రల్ పాల్సీ పిల్లలతో రోజూ పని చేసే ఓటీ అయితే వెంటనే జవాబు చెప్పి, ఎందుకు ఆ లెవెల్ అనుకున్నారో కూడా వివరిస్తారు. తెల్లమొహం వేస్తే మీకు విషయం అర్థమైపోతుంది.

మొదటి రోజు ఏం జరుగుతుందో కూడా గమనించండి. అనుభవమున్న ఓటీ పిల్లాడిని బల్ల మీద పడుకోబెట్టి మొదలుపెట్టరు. చొక్కా విప్పమంటారు, బిస్కెట్ ప్యాకెట్ చేతికిచ్చి చింపమంటారు, బంతి విసురుతారు, ఏదో ఒకటి తినిపించి చూస్తారు. కుడి చెయ్యి అసలు వాడటం లేదా, సాయానికైనా వస్తోందా, వస్తువు చేతిలో పెడితే పట్టుకుంటున్నాడా, పట్టుకున్నాక వదలగలుగుతున్నాడా, ఇవన్నీ చూస్తారు. మిమ్మల్ని "ఇంట్లో ఏ పని వాడే చేసుకుంటే మీకు పెద్ద ఊరట" అని అడుగుతారు. ఈ ప్రశ్న అడగని థెరపిస్ట్ దగ్గర నేనైతే నా బిడ్డని పెట్టను. ఎందుకంటే దానికి మీరిచ్చే జవాబే, అది వాడి అన్నం వాడే తినడం కావచ్చు, నిక్కరు వాడే వేసుకోవడం కావచ్చు, మూడు నెలల లక్ష్యం అవుతుంది. "చెయ్యి బాగవ్వాలి" అనేది కోరిక, దాన్ని కొలవలేం. "సంగటి ముద్ద కుడిచేత్తో గిన్నె పట్టుకుని ఎడమచేత్తో తినాలి" అనేది లక్ష్యం, అయిందో లేదో మీకే కనిపిస్తుంది.

ఇప్పుడు ఎక్కడికి వెళ్ళాలో చెప్తాను. మీకున్న పెద్ద వసతి వెల్లూరు. చిత్తూరు మీదుగా బస్సులో పొద్దున వెళ్ళి రాత్రికి ఇంటికి రావచ్చు. సీఎంసీలో డెవలప్‌మెంటల్ పీడియాట్రిక్స్ విభాగం ఉంది, అక్కడే ఓటీ కాలేజీ కూడా ఉంది కాబట్టి థెరపిస్టుల కొరత ఉండదు. మన చిత్తూరు జిల్లావాళ్ళు రోజూ వెళ్ళే చోటే కాబట్టి తెలుగు మాట్లాడేవాళ్ళూ దొరుకుతారు. మేరీ వర్గీస్ అనే డాక్టరమ్మ, ప్రమాదంలో నడుము కింద చచ్చుబడి చక్రాల కుర్చీలో ఉండి కూడా, 1966లో అక్కడ పునరావాస కేంద్రం పెట్టారు. ఇంటికెళ్ళాక మనిషి తన పని తాను ఎలా చేసుకుంటాడు అనే చూపు ఆ ఊరికి అప్పటినుంచీ ఉంది. అపాయింట్‌మెంట్ ఆన్‌లైన్లో ముందే తీసుకోండి, జనరల్, ప్రైవేట్ అని రెండు రకాలుంటాయి, జనరల్ తీసుకున్నా చూసేది ఆ విభాగంవాళ్ళే, కంగారు పడకండి. వెళ్ళేటప్పుడు "మేం వారం వారం రాలేం, ఇంట్లో చేయించేలా నేర్పించండి" అని మొదటి మాటగా చెప్పండి. ఇలా అడిగేవాళ్ళకి నేర్పడం వాళ్ళకి అలవాటే. కుదిరితే నాలుగైదు రోజులు అక్కడే లాడ్జిలో ఉండి, రోజూ ఒక సెషన్ చూసి, చివరి రెండు రోజులు మీరే చేసి చూపించి వాళ్ళతో తప్పులు దిద్దించుకుని రండి. బాబు వాళ్ళమ్మే కాదు, మీరు కూడా నేర్చుకోవాలి. ఇది అమ్మ ఒక్కర్తి నెత్తిన వేసిన ఇళ్ళలో ఆర్నెల్లకే అన్నీ ఆగిపోవడం నేను చాలా చూశాను.

నెల్లూరులో వికలాంగుల పునరావాసం కోసం కాంపోజిట్ రీజినల్ సెంటర్ ఉంది, సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలోని జాతీయ మేధో వైకల్య సంస్థ కిందిది. కేంద్ర ప్రభుత్వానిది కాబట్టి ఖర్చు చాలా తక్కువ, మీకు దూరం ఎక్కువ. చెన్నై దాటాక ముట్టుకాడులో ఇంకో జాతీయ సంస్థ ఉంది, బహుళ వైకల్యాల కోసం. వెల్లూరు కుదరకపోతే వీటి గురించి ఆలోచించండి. కాలి మడమ సంగతి ముందుముందు ఆపరేషన్ దాకా వస్తే తిరుపతిలో టీటీడీ వాళ్ళ ఎముకల ఆసుపత్రి బర్డ్ ఉండనే ఉంది. ఒక చిన్న జాగ్రత్త: ఏ పెద్దాసుపత్రిలోనైనా రిసెప్షన్లో "ఓటీ ఎక్కడ" అని అడిగితే ఆపరేషన్ థియేటర్ వైపు పంపిస్తారు, ఆక్యుపేషనల్ థెరపీ అని పూర్తిగా చెప్పండి.

ఊరికి దగ్గర్లో ప్రభుత్వం తరఫున ఉన్న దారులు వదులుకోవద్దు. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం నడుస్తోంది, ఆర్‌బీఎస్‌కే అంటారు. ఆ టీమ్ అంగన్‌వాడీలకి, బడులకి వచ్చి పుట్టినప్పటి నుంచి పద్ధెనిమిదేళ్ళ దాకా పిల్లలని చూసి, అవసరమైనవాళ్ళని జిల్లా స్థాయిలో ఉండే ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌కి, అంటే డీఈఐసీకి పంపిస్తారు. మీ అంగన్‌వాడీ టీచర్‌నో ఏఎన్‌ఎమ్ అమ్మనో అడిగితే రిఫరల్ ఎలాగో చెప్తారు. డీఈఐసీలో ఫిజియో, స్పీచ్, పిల్లల డాక్టరు ఇలా ఒకేచోట చూస్తారు, డబ్బు తీసుకోరు. అక్కడ ఓటీ ఉన్నారా అని మాత్రం ముందు ఫోన్ చేసి కనుక్కోండి, అన్ని చోట్లా ఉండరు. బడి వయసు వచ్చాక మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత సెంటర్ ఉంటుంది, ప్రభుత్వ బడుల పథకం సమగ్ర శిక్ష వాళ్ళది, అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులని ఇప్పుడే పరిచయం చేసుకోండి. ఫిజియో కూడా ఆ సెంటర్‌కి వచ్చిపోతుంటారు, ఏ రోజో కనుక్కోండి. సదరం సర్టిఫికెట్‌కి, అంటే వైకల్య ధ్రువపత్రానికి, సచివాలయంలో స్లాట్ బుక్ చేసుకోండి. అది చేతికొస్తే యూడీఐడీ కార్డు (దేశమంతా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు), బస్సు రాయితీ, ఇంకా కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమాకి దారి తెరుచుకుంటుంది. నిరామయలో సెరెబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ళకి ఏడాదికి లక్ష రూపాయల దాకా కవరేజీ ఉంది, కట్టాల్సింది చాలా తక్కువ, థెరపీ ఖర్చు కూడా కొంత పరిమితి వరకు వస్తుంది, బిల్లులు దాచుకోండి. బిల్లు ఇవ్వని సెంటర్ అయితే ఇక్కడ కూడా నష్టమే.

మీ టౌన్ ఫిజియోగారి గురించి. ఆయన్ని వదులుకోకండి. మడమ ఆనించడం, నడక, కాలికి స్ప్లింట్, ఏఎఫ్‌ఓ అంటారు, అది సరిపోతోందా లేదా, పెరిగే కొద్దీ మార్చాలా, ఇదంతా ఫిజియో చూడాల్సిందే. ఆయన చిన్నపిల్లలతో పని చేసిన మనిషైతే, వెల్లూరు ఓటీ రాసిచ్చిన కాగితం ఆయన ముందు పెట్టి "ఇది మేం ఇంట్లో చేస్తున్నాం, మీరు వారానికోసారి చూసి తప్పు చేస్తుంటే చెప్పండి" అని అడగండి. మంచివాళ్ళు ఒప్పుకుంటారు, అవసరమైతే ఆ ఓటీతో ఫోన్లో మాట్లాడతారు. అలా ఒప్పుకునే ఫిజియో, ఓటీ అని అబద్ధం బోర్డు పెట్టుకున్న మనిషికంటే వంద రెట్లు నయం.

మూడు నెలల డబ్బు ముందే కట్టమన్న సెంటర్‌కి మాత్రం కట్టొద్దు. పిల్లాడిని చూడకముందే ఎన్ని సెషన్లు కావాలో ఎలా చెప్పారు? అమ్మానాన్నలని లోపలికి రానివ్వరు అని కూడా రాశారు మీరు, అది నాకు ఇంకా కోపం తెప్పించింది. ఒక టౌన్లో ఇలాగే ఏడాది పాటు బయట బెంచీ మీద కూర్చున్న తల్లి ఒకావిడ నా దగ్గరికి వచ్చింది. లోపల ఏం చేశారో ఆమెకి తెలియదు, పాపకి చొక్కా బొత్తం పెట్టుకోవడం కూడా ఎవరూ నేర్పలేదు, రిపోర్టు అని ఒక్క కాగితం లేదు. కొన్నిసార్లు పిల్లాడు అమ్మని చూసి ఏడుస్తాడని పది నిమిషాలు బయట ఉండమనడం వేరు, అసలు చూపించకపోవడం వేరు. ఆరు నెలల్లో నార్మల్ చేస్తాం అని గ్యారంటీ ఇచ్చేవాళ్ళని, కరెంటు మిషన్ పెట్టి మసాజ్ చేసి పంపేవాళ్ళని, స్టెమ్ సెల్ ఇంజెక్షన్ గురించి మాట్లాడేవాళ్ళని దూరం పెట్టండి. స్టెమ్ సెల్స్ మీద ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి, సెరెబ్రల్ పాల్సీకి అది ఆమోదించిన వైద్యం కాదు. లక్షలు అప్పు చేసి వెళ్ళిన కుటుంబాలని చూశాను కాబట్టి గట్టిగా చెప్తున్నాను.

వెల్లూరు అపాయింట్‌మెంట్ దొరికేలోపు ఖాళీగా కూర్చోకండి. ఈ పనుల్లో ప్రమాదం లేదు, ఏ ఓటీ అయినా మొదట ఇలాంటివే చెప్తారు.

చొక్కా తొడిగేటప్పుడు కుడి చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు కుడి చెయ్యి చివర రావాలి. బాగున్న చెయ్యి ముందు దూరిస్తే, రెండోది బిగుసుకుని ఉంటుంది కాబట్టి ఇరుక్కుపోతుంది, వాడు ఏడుస్తాడు, మీరు హడావుడిగా లాగేస్తారు. కుడి చేతికి చొక్కా పట్టుకుని "ఏదీ, తోయి" అని ఆగండి. వాడు తోసేదాకా ఆగాలి. బడికి టైమైపోతుందని టెన్షన్ పడే పూట ఇది చెయ్యొద్దు, సాయంత్రం స్నానం తర్వాత చెయ్యండి.

మన దగ్గర ఇంటింటా దొరికే బంగారంలాంటి థెరపీ సామాను చెనక్కాయలు. ఉడకబెట్టిన చెనక్కాయ తొక్క మెత్తగా ఉంటుంది, మొదట వాటితో మొదలుపెట్టండి. వాడి ముందు గిన్నె పెట్టి, కాయ కుడి చేతి వేళ్ళ మధ్య మీరే పెట్టి, ఎడమ చేత్తో వాణ్ణి ఒలవమనండి. ఒక్క చేత్తో ఒలవడం కష్టం కాబట్టి కుడి చెయ్యి తనంతట తానే పనిలోకి వస్తుంది. కుడి చెయ్యి పట్టుకోవడానికి, ఎడమ చెయ్యి పని చెయ్యడానికి. వాడి కుడి చెయ్యి ఎప్పటికీ ఎడమ చెయ్యంత చురుగ్గా అవ్వకపోవచ్చు, కానీ గట్టిగా పట్టుకుని సాయం చేసే చెయ్యి అయితే జీవితంలో దాదాపు అన్ని పనులూ చేసుకోగలడు. ఒలిచిన గింజ మీరు మెత్తగా నలిపి ఇస్తే వాడి నోట్లోకే, అదే బహుమతి. పొలమారకుండా చూసుకోండి, గింజలు నోట్లో వేసుకునేటప్పుడు పక్కనే ఉండండి, నవ్విస్తూ తినిపించొద్దు. మెత్తనివి వచ్చాక ఎండువి, తర్వాత టిఫిన్ బాక్సు మూత తియ్యడం, చపాతీ పిండి రెండు చేతులతో నొక్కడం, చెంబు రెండు చేతులతో ఎత్తి నీళ్ళు పోసుకోవడం.

తినేటప్పుడు కింద కూర్చోబెడితే ఒరిగిపోతున్నాడేమో చూడండి. ఒరిగితే చిన్న కుర్చీ, పాదాలు రెండూ నేలకి ఆనేంత ఎత్తు, అందకపోతే కింద పీట వెయ్యండి. ఒళ్ళు నిలకడగా లేకపోతే చెయ్యి పని చెయ్యదు, ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సగం తేడా ఇక్కడే వస్తుంది. కంచం జారకుండా కింద తడిగుడ్డ మడతపెట్టి వెయ్యండి. చెంచా కాడ సన్నగా ఉంటే పాత సైకిల్ ట్యూబు కడిగి చుట్టి లావు చెయ్యండి.

ఒక పని మాత్రం మీ అంతట మీరు చెయ్యొద్దు. బాగున్న చెయ్యిని కట్టేస్తే బాగోలేని చెయ్యి పని చేస్తుందని యూట్యూబ్‌లో చూసే ఉంటారు. ఆ పద్ధతి నిజమే, మంచి ఆధారాలున్నదే, కానీ రోజుకి ఎంతసేపు, ఎలాంటి గ్లవ్, ఏ ఆటలు, ఎన్ని వారాలు అన్నది ఓటీ చూసి చెప్పాలి. అడ్డదిడ్డంగా కట్టేస్తే పిల్లాడు పడిపోతాడు, పైగా కుడి చెయ్యంటేనే వాడికి కోపం వచ్చేస్తుంది. అలాగే చేతికి స్ప్లింట్ ఇస్తే, తీశాక ఎర్రగా మచ్చ పడిందేమో చూడండి. ఇరవై నిమిషాలకి కూడా ఎరుపు తగ్గకపోతే మళ్ళీ పెట్టకుండా ఫోన్ చెయ్యండి, స్ప్లింట్ సరిచేయించుకోవాలి.

వెళ్ళేటప్పుడు ఫోన్లో వీడియోలు తీసుకెళ్ళండి: తినేటప్పుడు ఒకటి, చొక్కా వేసుకునేటప్పుడు ఒకటి, ఆడుకునేటప్పుడు ఒకటి, ఒక్కోటి రెండు నిమిషాలు చాలు. వెలుతురు వాడి ముఖం వైపు నుంచి పడాలి, రెండు చేతులూ కనిపించాలి, మీరు మధ్యలో సాయం చెయ్యొద్దు. ఆసుపత్రిలో భయపడి వాడు ఏదీ చెయ్యడు, ఇంట్లో వాడి అసలు సత్తా ఈ వీడియోల్లోనే కనిపిస్తుంది. తిరిగొచ్చాక కూడా నెలకోసారి ఇలాంటివే తీసి పంపిస్తే ఫోన్లోనే ప్లాన్ మార్చి చెప్పగలరా అని అక్కడే అడిగి, నంబరో మెయిలో తీసుకునే బయటికి రండి. కాగితం మీద మూడు లక్ష్యాలు, ఇంట్లో చెయ్యాల్సిన పనులు, మళ్ళీ ఎప్పుడు రావాలో తేదీ రాయించుకోండి. తెలుగులో రాయమని అడిగితే ఎవరో ఒకరు రాసిస్తారు, లేదంటే వాళ్ళు చెప్తుంటే మీరే రాసుకోండి.

వచ్చే జూన్‌లో బళ్ళో వేస్తామన్నారు కదా. చేర్పించేటప్పుడు టీచరుగారికి మూడు సంగతులు చెప్పండి. బాబుని కుడివైపు గోడ పక్కన ఇరికించకుండా, కుడి చెయ్యి బల్ల మీద పెట్టుకునేంత చోటు ఉన్న దగ్గర కూర్చోబెట్టమనండి. రాసేటప్పుడు కుడి చేత్తో పుస్తకం అదిమి పట్టుకోమని గుర్తు చెయ్యమనండి. ఎడమ చేత్తో రాస్తున్నాడని ఎవరూ చెయ్యి మార్పించకూడదని చెప్పండి, ఈ మూడోది హెడ్మాస్టరుగారికి కూడా చెప్పండి.